ఈశ్వరీబాయి: హక్కుల వేదికనుండి శాసనసభకు

సికిందరాబాదునుండి మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు పోవు రహదారి కామారెడ్డిని చేరును. అచటికి పడమట ఎల్లారెడ్డి కలదు. జె. ఈశ్వరీబాయి ఈ దారి మొదట జన్మించి, ఈ దారి కొసనుండి శాసనసభకు ఎన్నికయ్యెను. హక్కులకై పోరాడినవారు సభ్యత్వము లభించిన పిదప సభామర్యాదలలో కరగిపోవుదురను అభిప్రాయము కలదు. ఈమె చరిత్ర దానిని పరీక్షించుటకు తగినది.

1918 డిసెంబరు 1న చిలకలగూడలో ఒక దళిత కుటుంబమున ఆమె పుట్టెను. బాల్యముననే వివాహమై పూనాకు పోయి, అనంతరము కుమార్తెతో పుట్టినింటికి తిరిగి వచ్చి, ఉపాధ్యాయినిగా జీవనము సాగించెను. 1950ల ప్రారంభమున చిలకలగూడ ప్రజలు ఆమెను పురపాలక సంఘమునకు పంపిరి. అంబేద్కరు 1942లో నెలకొల్పిన షెడ్యూల్డు కులాల సమాఖ్యలోను, 1957లో దాని స్థానమున వెలసిన రిపబ్లికన్ పార్టీలోను ఆమె పనిచేసెను.

1932 నాటి పూనా ఒడంబడిక ననుసరించి రిజర్వుడు స్థానములలో అభ్యర్థులు దళితులే యైనను ఓటర్లు అన్ని కులములవారును. అట్టిచోట పెద్దపక్షముల అండ లేని దళితుడు గెలుచుట దుర్లభమని అంబేద్కరు వాదము. అయినను 1967లో రిపబ్లికన్ అభ్యర్థినిగా ఈశ్వరీబాయి ఎల్లారెడ్డిలో నిలిచి, మంత్రిపదవి నిర్వహించిన టి.ఎన్. సదాలక్ష్మిని ఓడించెను. ఓడినవారును దళిత మహిళయే. కావున ఈ గెలుపు కులబలమువలననే వచ్చినదని చెప్పుటకు వీలులేదు.

1968లో కృష్ణాజిల్లా కంచికచర్లలో దొంగతనము మోపి ఒక దళిత యువకుని సజీవముగా దహించిరి. ఈశ్వరీబాయి ఆ దారుణమును శాసనసభలో ప్రస్తావించి పాలకులను నిలదీసెను. కంచికచర్లవారు ఆమె ఓటర్లు కారు. వారివలన ఆమెకు రాగల రాజకీయ లాభమును లేదు. చట్టము ఆమెకు ఎల్లారెడ్డిని నియోజకవర్గముగా నిర్ణయించినది. ఆమె మాత్రము రాష్ట్రమందలి ప్రతి దళితవాడను తన నియోజకవర్గముగా భావించెను. 1969 తెలంగాణ ఉద్యమమునందును ఆమె పాల్గొనెను. 1972లో ఎల్లారెడ్డి ప్రజలు ఆమెను మరల ఎన్నుకొనిరి.

1991లో మరణించువరకు ఆమెకు మంత్రిపదవి లభింపలేదు. పదవులనుబట్టి నాయకుల విలువ కట్టు చరిత్రలో ఇట్టివారికి చోటు స్వల్పమే. కాని శాసనసభ్యుని పనికి మంత్రిత్వమొక్కటే కొలత కాదు. ఎవరి దుఃఖమును సభయెదుట నిలిపిరి అనునదియు ఒక కొలతయే. ఆ కొలతతో చూచినచో ఈశ్వరీబాయికి శాసనసభ హక్కుల పోరాటమునకు ముగింపు కాలేదు; అది మరియొక వేదిక యయ్యెను. నాటి సభాచర్చల సంపుటములను ఈ దృష్టితో చదువుట మన పరిశోధక విద్యార్థుల ముందున్న పని.