విషమా, వంశమా? హందిగోడు వ్యాధి నేర్పిన పాఠము

వేటాడి తెచ్చిన మాంసము, ఏటిలో పట్టిన చేప, వరిమడిలో దొరికిన పీత: పేదవాని ఇంట ఇవి కొనకుండ లభించే ఆహారములు. కాని ప్రకృతిలో దొరికినంత మాత్రమున అవి నిర్దోషమైనవని చెప్పలేము. కొన్ని విషరసాయనములు శరీరమునుండి సులభముగా బయటకు పోవు, కొవ్వులో నిలిచిపోతాయి. చిన్న జీవిని పెద్ద జీవి తిన్నకొలది అవి పోగుపడి, చివరకు వేటగాని కంచములోనికి చేరుతాయి. కెనడా దేశపు ఉత్తర క్విబెక్‌లో ఇన్యుయిట్ జాతివారు పెద్ద పరిశ్రమలకు ఎంతో దూరముగా నివసిస్తారు. అయినను సముద్రజంతువుల కొవ్వు తినే అక్కడి తల్లుల పాలలో పి.సి.బి. అనే పారిశ్రామిక రసాయనములు, దక్షిణ క్విబెక్ తల్లుల పాలలోకన్న సుమారు 5 రెట్లు ఎక్కువగా ఉన్నట్లు 1980 దశకము చివర తేలినది.

అట్లని, ఇటువంటి ఆహారము తినే కుటుంబములలో జబ్బు కనిపించినపుడెల్ల ఆహారమునే దోషిగా నిలుపవచ్చునా? ఈ ప్రశ్నకు సికిందరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రలో చక్కని ఉదాహరణ ఉన్నది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధనకై కూనూరులో ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే క్రమముగా పెరిగి, 1958లో ఇక్కడికి తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందినది.

1974 చివర గుజరాత్‌లోని పంచమహల్ ప్రాంతమున, దానికి ఆనుకొన్న రాజస్థాన్ గ్రామములలో కామెర్లు చెలరేగినవి. 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. ఈ సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ వి. భట్ ప్రభృతులు పరిశోధించి, అకాలవర్షములకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలలోని అఫ్లటాక్సిన్ అనే విషమే కారణమని నిర్ణయించారు. అదే ధాన్యపు తిండి పెట్టిన పెంపుడు కుక్కలు కూడ జబ్బుపడినవి. కుక్కకు, యజమానికి రక్తసంబంధము లేదు, ఉన్నది ఆహారసంబంధమే!

దాదాపు ఆ కాలముననే కర్ణాటక మలెనాడు నుండి మరొక వార్త వచ్చినది. శివమొగ్గ జిల్లా సాగర తాలూకా హందిగోడు గ్రామములో, చుట్టుప్రక్కల పల్లెలలో, కొందరు వ్యవసాయ కూలీలకు తుంటి, మోకాలి కీళ్ళు పట్టుకొనిపోయి నడక కష్టమైనది. కొందరు పొట్టిగానే ఉండిపోయారు. వ్యాధి ముదిరినవారు ప్రాకవలసిన స్థితికి వచ్చారు.

ఈ కుటుంబములవారు వరిమళ్ళలోని పీతలను, చేపలను పట్టి తినేవారు. ఎండ్రిన్, పారథియాన్ వంటి పురుగుమందులు మన దేశపు పొలాలలో వాడుకలో ఉన్న రోజులవి. పొలములో చల్లిన మందు పీతలోనికి, పీతనుండి మనిషిలోనికి చేరినదేమో అన్న అనుమానము బలపడినది. అది అసంగతమైన అనుమానము కాదు. జపానులోని మినమాటలో 1956లో గుర్తింపబడిన పాదరస విషవ్యాధి చేపల ద్వారానే జాలరి కుటుంబములకు సోకినది. అక్కడ పిల్లులు సైతము జబ్బుపడినవి.

అయితే అనుమానము వేరు, నిదర్శనము వేరు. విషమే కారణమైనచో, ఒకే కుండలో వండినది తిన్నవారందరిలో, ఎక్కువ తక్కువలుగానైనను, దాని జాడ కనిపించవలెను. వంశమే కారణమైనచో తలిదండ్రులనుండి బిడ్డలకు ఒక క్రమములో దిగిరావలెను. కృష్ణమాచారి, భట్‌లు 1977లో ప్రకటించిన వ్యాసములో ఈ వ్యాధికి పెట్టిన పేరే 'మలెనాడు కుటుంబ కీళ్ళవ్యాధి'. 1994లో వెలువడిన ఎక్స్‌రే పరిశీలన, ఇది ఎముకల పెరుగుదలలో వంశపారంపర్యముగా వచ్చే లోపమనియు, బహిర్గత లక్షణముగా సంక్రమిస్తుందనియు తెలిపినది. అనగా తలిదండ్రులలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నచో, పుట్టే ప్రతి బిడ్డకు, ఆడ మగ భేదము లేకుండ, అది వచ్చే అవకాశము సగము.

ఈ తీర్పుతో పురుగుమందులు నిర్దోషులైనవని భావింపరాదు. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒడంబడికలో తొలుత చేర్చిన 12 విషరసాయనములలో ఎండ్రిన్ ఒకటి. హందిగోడు కీళ్ళవ్యాధికి అది కారణము కాదన్నంతవరకే ఈ తీర్పు వర్తిస్తుంది.

కారణనిర్ణయము పండితుల వినోదము కాదు. తప్పుడు కారణమును నమ్మినచో, పేదవాడు చవుకగా దొరికే మాంసకృత్తులను మానుకొంటాడు. వ్యాధి మాత్రము తరమునుండి తరమునకు సాగుతూనే ఉంటుంది. పంచమహల్‌లో ధాన్యము ఆరబెట్టి భద్రపరచుట మందు. హందిగోడులో కావలసినవి కీళ్ళ చికిత్స, వివాహమునకు ముందు వైద్యసలహా, నడవలేనివారికి జీవనోపాధి. ఒక కుటుంబములో పలువురికి ఒకే జబ్బు వచ్చినదని విన్నపుడు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసుకొనవలెను: వారు పంచుకొన్నది ఆహారమా, రక్తమా? ఆహారమే అయినచో, దానిని పంచుకొన్న ఇతరులకు ఏమైనది?