గంట క్యాసెట్‌కు గంట

దేవరకొండలో 2004లో మా అక్క పెళ్లి అయినప్పుడు, వీడియో తీసినాయన మినీ డీవీ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని చూశాను. గంట క్యాసెట్‌కు గంట పట్టేది. అంతసేపూ మౌస్ కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. కెమెరాకు యూఎస్‌బీ ఉన్నా, విడిగా కార్డు కొని ఫైర్‌వైర్ కేబులే పెట్టేవాడు. ఎందుకో ఇంజనీరింగ్ చదివాకగానీ అర్థం కాలేదు.

డీవీ వీడియోకు సెకనుకు 25 మెగాబిట్లు కావాలి. గంటకు దాదాపు 13 గిగాబైట్లు. 1996 నాటి మొదటి యూఎస్‌బీ గరిష్ఠ వేగం 12 మెగాబిట్లే. ఆపిల్ మొదలుపెట్టిన ఫైర్‌వైర్ మాత్రం 1995లోనే ఐఈఈఈ 1394 ప్రమాణమైంది. 400 మెగాబిట్ల దాకా వెళ్లింది.

2000లో యూఎస్‌బీ 2.0 వచ్చింది, 480 మెగాబిట్లతో. అంకె చూస్తే ఇదే ముందుండాలి కదా! కానీ హార్డ్ డిస్కు కాపీల్లో చాలాసార్లు ఫైర్‌వైరే గెలిచేది. యూఎస్‌బీ 2.0లో కంప్యూటర్ అడిగితేనే పరికరం పలకాలి. రాకపోకలు రెండూ ఒకే తీగల జత మీద. ఫైర్‌వైర్‌లో అందరూ సమానమే. రెండు కెమెరాలను కలిపితే కంప్యూటర్ లేకుండానే క్యాసెట్ కాపీ అవుతుంది. పైగా సెకనుకు 8000 విడతల్లో, ప్రతి విడతలోనూ వీడియోకు బస్సులో రిజర్వేషన్ సీటులా చోటు ఉంటుంది. అయితే పోయిన ముక్కను మళ్లీ పంపడం ఉండదు. క్యాసెట్ ఆగదు, కంప్యూటర్ తడబడితే ఫ్రేములు పోతాయి. మౌస్ ముట్టుకోనివ్వకపోవడం అందుకే.

మరి ఓడిందెందుకు? ఖరీదు. ప్రతి పరికరంలోనూ తెలివైన చిప్ ఉండాలి, దాని మీద ఆపిల్ ఒక దశలో పోర్టుకు ఒక డాలర్ రాయల్టీ అడిగింది. ఇంటెల్‌లో అజయ్ భట్ బృందం రూపుదిద్దిన యూఎస్‌బీలో బరువంతా కంప్యూటర్ మీదే, పరికరం చవక. పాత పరికరాలనూ అది కలుపుకుంది. 1999లో హైదరాబాద్‌లో పుట్టిన మాస్‌చిప్, సీరియల్ పోర్టును యూఎస్‌బీకి కలిపే చిప్‌లు చేసింది; 7720, 7840 చిప్‌ల డ్రైవర్లు లినక్స్ కెర్నల్‌లోకి చేరాయి. చివరికి 2008లో యూఎస్‌బీ 3.0 కూడా పంపడానికీ అందుకోవడానికీ వేరే తీగలు పెట్టి, 'నేను సిద్ధం' అని పరికరమే చెప్పే వీలిచ్చింది. ఓడినవాడి పాఠమే గెలిచినవాడు చదివాడన్నమాట.

అక్క పెళ్లి డీవీడీలో నాయనమ్మ ఏదో చెబుతుంటుంది. ఆమె మాటల మీద ఎడిటింగ్‌లో సినిమా పాట పెట్టేశారు. గొంతు ఇప్పుడు క్యాసెట్లోనే ఉంది. నా ల్యాప్‌టాప్‌కు ఫైర్‌వైర్ లేదు. ఆపిల్ కూడా 2025 నాటి మ్యాక్ఓఎస్ టాహోలో దాన్ని తీసేసింది. మీ ఇంట్లోనూ ఇలాంటి క్యాసెట్లుంటే, పాత కంప్యూటర్‌ను, ఆ కార్డును తుక్కుకు వేయకండి. ముందు వాటిని ఎక్కించుకోండి. ఇప్పటికీ గంట క్యాసెట్‌కు గంటే పడుతుంది.