లినక్స్‌లో డేటా కార్డు

డేటా కార్డు అంటే సిమ్ వేసుకునే చిన్న యూఎస్‌బీ మోడెం. లినక్స్ ల్యాప్‌టాప్‌కు గుచ్చగానే ఇది చాలాసార్లు మోడెంలా కాక, విండోస్ సాఫ్ట్‌వేర్ ఉన్న సీడీలా కనబడుతుంది. అసలు చిక్కు అక్కడే. హువావే ఈ1550నే తీసుకుంటే, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశంలో దాని ఉత్పత్తి సంఖ్య మొదట 1446 అని ఉంటుంది. ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ ప్రోగ్రాం ఒక సందేశం పంపితే అది సాధారణంగా 1001కి మారి, లోపలి మోడెం బయటపడుతుంది. అప్పుడు కెర్నెల్‌లోని ‘ఆప్షన్’ డ్రైవరు దానికి సీరియల్ పోర్టులు కల్పిస్తుంది.

మిగతాది నెట్‌వర్క్ మేనేజర్ చూసుకుంటుంది. అందులో కనెక్షన్ వివరాలు ఇవ్వాలి: బీఎస్ఎన్ఎల్ సిమ్‌కు ఏపీఎన్ (యాక్సెస్ పాయింట్ పేరు) ‘బీఎస్ఎన్ఎల్‌నెట్’, డయల్ నంబరు *99#. పాత సీడీఎంఏ కార్డులకు ఏపీఎన్ ఉండేది కాదు, నంబరు #777గా ఉండేది.

నెల్లూరు జిల్లా మెట్టప్రాంతంలోని కలిగిరి వంటి చోట సిగ్నల్ సన్నగా ఉంటే, కార్డును యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కిటికీ దాకా తీసుకెళ్లడం మంచి ఉపాయం.