రాయి, మన్ను, కొట్టం: వర్జీనియాలో గ్రీన్ స్ప్రింగ్స్ చారిత్రక మండలం

గ్రీన్ స్ప్రింగ్స్ చరిత్రకు పునాది దాని మట్టి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, లూయీసా కౌంటీలో సుమారు 14,000 ఎకరాల పల్లెసీమ ఇది. చుట్టూ ఉన్న పీడ్‌మాంట్ ఎర్రబంక నేలల్లో సారం తక్కువ. ఇక్కడ మాత్రం భూమి అడుగున ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నల్లటి శిల యుగాలుగా చివికి మంచి సాగునేల అయింది. ఆ నేల మీద పండిన గోధుమే బోస్వెల్స్ టావెర్న్ అనే పాత సత్రం చుట్టుపక్కల ఒక్కొక్క ఇంటినీ నిలబెట్టింది. 1849 నాటి వెస్టెండ్ భవనం, వాస్తుశిల్పి అలెగ్జాండర్ జాక్సన్ డేవిస్ రూపొందించిన హాక్‌వుడ్ ఆ సిరికి ఆనవాళ్లు. అంతర్యుద్ధానికి ముందు ఆ పొలాల్లో చాకిరీ చేసింది బానిసత్వంలో మగ్గిన ఆఫ్రికన్ అమెరికన్లు. వారి శ్రమ జాడ భవనాల ముఖద్వారాల దగ్గర కంటే పొలంగట్ల మీద, పశువుల పాకల్లో, ధాన్యపు కొట్టాల్లో వెతకాలి. అందుకే ఇళ్లను మాత్రమే లెక్కించే సర్వే ఇక్కడ సగం చరిత్రను వదిలేస్తుందని నా అభిప్రాయం.

1970లో రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడ జైలు కట్టాలనుకుంది. స్థానికులు కోర్టుకెక్కారు. ఫెడరల్ నిధులతో కట్టే జైలుకు కూడా చారిత్రక పరిరక్షణ, పర్యావరణ చట్టాలు వర్తిస్తాయని 1971లో అప్పీళ్ల కోర్టు 'ఈలీ వర్సెస్ వెల్డీ' కేసులో చెప్పింది. ఆ జైలు ఇక్కడికి రాలేదు. 1974లో మండలమంతటికీ జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు దక్కింది.

అయితే పంటలకు సారమిచ్చిన ఆ శిలలోనే వర్మిక్యులైట్ ఖనిజం ఉంది. వేడి చేస్తే పొంగే ఈ ఖనిజానికి నిర్మాణరంగంలో, తోటపనిలో గిరాకీ ఉంది. దాన్ని తవ్వాలంటే పైమన్ను తొలగించాలి. ఇళ్లను ముట్టుకోకపోయినా, వాటికి అర్థమిచ్చే పొలం పోతుంది. గని ప్రయోజనాలున్నవారు గుర్తింపును సవాలు చేశారు. ఎంపికకు స్పష్టమైన ప్రమాణాలు, సరైన విధివిధానాలు లేవంటూ 1980లో ఫెడరల్ జిల్లా కోర్టు దాన్ని రద్దు చేసింది. మండలాన్ని ప్రేమించేవారికి ఆ తీర్పు చేదైనా, అందులోని ఆక్షేపణ న్యాయమైనదే. ఒకరి భూమి మీద ముద్ర వేసే ప్రభుత్వం, ఎందుకు వేస్తోందో ముందే చెప్పాలి. గుర్తింపు తర్వాత మళ్లీ వచ్చింది.

నిజమైన కాపుదల మాత్రం ఈజ్‌మెంట్ల వల్ల కలిగింది. ఈ ఒప్పందంలో భూమి యజమాని చేతిలోనే ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి ఇళ్లస్థలాలుగా అమ్మడం, పాత కట్టడాల రూపు మార్చడం వంటి వాటిపై రాతపూర్వకమైన పరిమితులు శాశ్వతంగా ఉంటాయి. ఆ పరిమితులను అమలు చేసే హక్కులను 1977లో కేంద్ర అంతర్గత వ్యవహారాల శాఖ స్వీకరించింది. ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ పర్యవేక్షణలో 7,000 ఎకరాలకు పైగా భూమి ఈజ్‌మెంట్ల కింద ఉంది.

ఈ పద్ధతి అమ్మకాన్ని, తవ్వకాన్ని ఆపగలదు గాని అగ్నిప్రమాదాన్ని ఆపలేదు. హాక్‌వుడ్ 1982లో కాలిపోయింది. చెదలు, వాన, వాడకం తప్పిపోవడం వల్ల కొట్టాలకు కలిగే చేటు ఇంకా నెమ్మదైనది. పెద్ద యంత్రాలు పట్టని పాత కొట్టం రైతుకు భారమవుతుంది. దాని కప్పు మరమ్మతుకు సాయం, అందులో సాగుకు పనికొచ్చే కొత్త వాడకం, ఈ రెండూ ఈజ్‌మెంట్ పత్రంతో పాటే కుదరాలి.