దక్షిణాఫ్రికా: రోగులూ వైద్యులూ ఒక్కటైన పోరాటం

మందులు క్రమంగా వాడితే హెచ్.ఐ.వి. ఏళ్ల తరబడి అదుపులో ఉండే దీర్ఘకాలిక వ్యాధి. వర్ణవివక్ష పాలన అంతమైన దక్షిణాఫ్రికాలో ఆ మందులు డబ్బున్నవారికే దక్కాయి. దీనిపై 1998 డిసెంబర్ 10న కేప్‌టౌన్‌లో ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ ప్రారంభమైంది. దాని నాయకుడు జాకీ అక్మత్ స్వయంగా రోగి. పేదలకు అందని మందు తనకూ వద్దని కొన్నేళ్లు చికిత్సకు నిరాకరించాడు.

దీన్ని కేవలం రోగుల ఉద్యమంగా చూడటం సరికాదు. నెవిరపిన్ అనే మందు తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే ప్రమాదాన్ని తగ్గిస్తుంది. తయారీ సంస్థ ఐదేళ్లు ఉచితంగా ఇస్తామన్నా, ప్రభుత్వం దాన్ని ఒక్కో రాష్ట్రంలో రెండేసి కేంద్రాలకే పరిమితం చేసింది. మిగతా ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణి ఎదుటే ఉండేది, ఏ మందు ఇవ్వాలో వైద్యుడికి తెలుసు, ఇచ్చే అనుమతి మాత్రం లేదు. వృత్తిధర్మానికీ ప్రభుత్వ ఉత్తర్వుకూ మధ్య వైద్యుడు నలిగిపోయిన ఈ స్థితిని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. 2001లో ఉద్యమసంస్థ కోర్టుకు వెళ్లినప్పుడు శిశువైద్యుడు హరూన్ సలూజీ కూడా వాదిగా చేరాడు. రోగుల కష్టానికి వైద్యుల సాక్ష్యం తోడైంది. ఆరోగ్యసేవలు పొందే హక్కును గుర్తించిన రాజ్యాంగంలోని 27వ సెక్షన్ ఆధారంగా, 2002 జూలై 5న రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఆంక్షలు తొలగించాలని ఆదేశించింది.

పేదలు వేళకు మందులు వేసుకోలేరనే వాదన కూడా అప్పట్లో ఉండేది (పేదల గురించి ఇలాంటి మాటలు ఏ దేశంలోనైనా వినబడతాయి). కేప్‌టౌన్ శివారు బస్తీ ఖాయెలిట్షాలో 2001 నుంచి స్వచ్ఛంద సంస్థ వైద్యులు, రోగులు కలిసి నడిపిన చికిత్స దాన్ని తప్పని నిరూపించింది. 2003 నవంబర్‌లో మంత్రివర్గం దేశవ్యాప్త చికిత్స పథకాన్ని ఆమోదించింది.