లామా సంతకం: ఎల్బీనగర్‌లో కారుణ్య మరణపు లెక్కకెక్కని రకం

జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లో ఇచ్చిన 196వ నివేదిక మరణం అంచున ఉన్న రోగులకు చికిత్స ఆపడం గురించి. నా పేచీ ఆ నివేదికతోనే. అందులో రోగి ఉన్నాడు, వైద్యుడు ఉన్నాడు, ముగ్గురు నిపుణులున్నారు. బిల్లు కట్టేవాడు మాత్రం లేడు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఐసీయూల బయట బెంచీల మీద నిర్ణయం తీసుకునేది ఆ మనిషే.

సూర్యాపేట, నల్లగొండ వైపు నుంచి విజయవాడ రహదారి మీద వచ్చే అంబులెన్సులకు ఎల్బీనగర్ నగరపు గుమ్మం. తలకు దెబ్బ తగిలినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు వెంటిలేటర్ మీదికి చేరతారు. రోజులు గడిచి పొలం తాకట్టు మాట వచ్చాక, "ఇంటికి తీస్కపోతం సార్" అంటారు. అప్పుడు ఆసుపత్రి రాయించుకునే కాగితమే లామా (లీవ్ అగైనెస్ట్ మెడికల్ అడ్వైజ్): డాక్టర్ వద్దంటున్నా మేమే తీసుకెళ్తున్నామని సంతకం. నిజానికి "ఇగ లాభం లేదు, మీ ఇష్టం" అన్నది చాలాసార్లు డాక్టరే. దారి పొడుగునా చేత్తో ఊపిరి పంపే ఆంబూ సంచి నొక్కుతూ ఊరు చేరుస్తారు. దూరాన ఉన్న కొడుకు వచ్చి నోట్లో తులసి నీళ్లు పోసేదాకా గొట్టం ఉంటుంది, తర్వాత తీస్తారు. బేరం కుదిరేటప్పుడే డ్రైవర్ అడుగుతాడు, ఇంటికాడ ఎంతసేపు ఆగాలని. ఈ ఏర్పాటు ఏ నివేదికకన్నా ముందునుంచే పాతుకుపోయిందని నా అభిప్రాయం.

పాఠ్యపుస్తకాల లెక్కన ఇది నిష్క్రియ కారుణ్య మరణం, రోగి సమ్మతి లేనిది. కాగితం ప్రకారం మాత్రం చికిత్స నిరాకరణ. ఆసుపత్రి ఖాతాలో మరణమే లేదు.

నిష్క్రియ కారుణ్య మరణానికి దారి తెరుస్తూ సుప్రీంకోర్టు నుంచి అరుణా షాన్‌బాగ్ తీర్పు (2011), కామన్ కాజ్ తీర్పు (2018) వచ్చాయి. స్పృహ పోతే చికిత్స వద్దని ముందే రాసిపెట్టే వీలునామా చెల్లదని 196వ నివేదిక అంటే, దాన్ని రెండోది చెల్లుతుందంది. 2023 జనవరిలో నిబంధనలు సడలించి, నోటరీ సంతకం చాలన్నారు. రెండు వైద్య బోర్డులు, మేజిస్ట్రేటుకు సమాచారం మిగిలాయి. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీనగర్‌లోనే ఉన్నాయి, ఆసుపత్రుల నుంచి ఆటో దూరం. నేను మాట్లాడిన కుటుంబాల్లో ఆ దారి ఉందని విన్నవాళ్లే లేరు.

ఈ తీర్పులకు ముందే కోర్టుకెళ్లినవాడి సంగతీ ఉంది. చదరంగం ఆటగాడు వెంకటేశ్ కండరాల క్షీణతతో మంచాన పడి, అవయవాలు పాడవకముందే దానం చేసి పోతానన్నాడు. 2004 డిసెంబర్‌లో తల్లి సుజాత హైకోర్టు మెట్లెక్కారు. బ్రెయిన్ డెడ్ కానివాడి అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ నెలలోనే అతను పోయాడు. తన చావు గురించి తానే నోరు తెరిచి అడిగినవాడికి దొరకనిది, స్పృహ లేనివాడికి బంధువు సంతకంతో దొరుకుతోంది. తెలుగునాట కారుణ్య మరణ చరిత్రంతా ఈ తేడాలోనే ఉందని నా వాదన.

కాబట్టి క్రియాశీల, నిష్క్రియ, స్వచ్ఛంద అంటూ రకాలు చెప్పే పట్టికలో లామాను చేర్చాలి. వెంటిలేటర్ మీదున్న రోగి విషయంలో ఆ కాగితం మీద సంతకం పడకముందే, రెండో బోర్డుకు సభ్యుణ్ణి నియమించే జిల్లా వైద్యాధికారికి ఒక ప్రతి వెళ్లాలి.