పిచ్చుకమీద బ్రహ్మాస్త్రము

అల్పప్రాణిపై మహాబలమును ప్రయోగించుటను మనవారు పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమందురు. ఈ నానుడి చీనాదేశమున 1958వ సంవత్సరమున అక్షరాలా నిజమయ్యెను.

మావో సేటుంగ్ ప్రభుత్వము ఎలుక, ఈగ, దోమ, పిచ్చుక యను నాలుగింటిని ప్రజాశత్రువులుగా నెంచి, వాని నిర్మూలనమునకు పూనుకొనెను. పిచ్చుక చేసిన నేరము ధాన్యమును తినుట. బాలురును వృద్ధులును సైతము వీధులకు వచ్చి పళ్లెములును తప్పెటలును మ్రోగించిరి. వాలుటకు తావు లేక పక్షులు ఎగిరి యెగిరి, అలసి నేల గూలెను. జనులు గూళ్లు పెరికిరి, గ్రుడ్లు పగులగొట్టిరి.

కాని పిచ్చుక గింజలను మాత్రమే తినునది కాదు. తన పిల్లలకు ముఖ్యముగా పురుగులనే మేపును. పక్షిశాస్త్రజ్ఞులు దాని కడుపును కోసి పరీక్షించి యీ సంగతిని వెల్లడించిరి. పిచ్చుకలు పోగా మిడుతలును పురుగులును పెచ్చుపెరిగెను. 1960లో ప్రభుత్వము శత్రువుల పట్టికనుండి పిచ్చుకను తొలగించి నల్లిని చేర్చెను. అప్పటికే దేశమున ఘోరక్షామము ప్రబలియుండెను. రాజ్యవిధానములే దానికి ముఖ్యకారణములు. అయినను పంటల చీడ యా కష్టమునకు తోడయ్యెను.

పొలము ఉమ్మడి కుటుంబము వంటిది. అందు తినువాడే పనివాడు కూడ. పిచ్చుక గింజ నెత్తుకొనిపోవుట యెల్లరకు కనబడును. పురుగును పట్టుట యెవరికిని కనబడదు. రోగమును, ఆకలిని తొలగింపవలెనను కోరిక మంచిదే. ఆ యుద్యమమునకు లోపించినది విచారణ. సంస్కరణమును కోరు మనకును ఈ పాఠము అవసరమైనదే: ఒక వైపు లెక్క మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు.